ప్రార్థనలో మనసు నిలవాలంటే



ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం పిల్లల చదువుల గురించీ, పెళ్ళి సంబంధాల గురించీ, ముసలి తల్లిదండ్రుల గురించీ ఉంటాయి. ఈసారి మునిగుడ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం వేరే రకంగా ఉంది. పేరు వేయవద్దన్నారు కనుక వేయడం లేదు. ఉత్తరంలోని మాటలు మాత్రం ఆమె అనుమతితోనే ఇక్కడ ఇస్తున్నాను.

"తెల్లవారుజామున నాలుగున్నరకే లేస్తానండి. కొంగు నెత్తిన వేసుకుని మోకరిస్తాను. ప్రభువు నేర్పిన ప్రార్థన సగానికి రాకముందే పిల్లల క్యారేజీల్లోకి ఏం కూర వండాలా అని ఆలోచిస్తుంటాను. ఇంతలో ఫోను మోగుతుంది. ఎవరో చూద్దామని చెయ్యి పోతుంది. స్టేషన్లోకి బండి వచ్చిన మోత వినబడితే అది ఏ బండో, ఎంత లేటో లెక్క కడతాను. ఆమేన్ అనేటప్పటికి ఏం ప్రార్థించానో నాకే గుర్తుండదు. మోకాళ్ళు దేవుని దగ్గర, మనసు సంతలో. ఇలాంటి ప్రార్థన చేసేకంటే మానుకోవడమే మేలు కాదా? ఇది దేవుణ్ణి మోసం చేయడం కాదా?"

ఉత్తరం చివర మరొక వాక్యం ఉంది. దాని సంగతి తరువాత చెబుతాను.

ఈ పత్రిక చదివేవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. జపానికి కూర్చునేవారికీ, నమాజు చేసేవారికీ కూడా ఈ చిక్కు తెలిసినదే. మన వేమన కూడా పూజ కంటే ముందు మనసు శుభ్రపడాలనే కదా పదే పదే చెప్పాడు. అయితే అడిగిన సోదరి క్రైస్తవురాలు. కనుక క్రైస్తవ ప్రార్థనను పట్టుకునే జవాబు చెబుతాను. ఎవరికి పనికివచ్చింది వారు తీసుకోండి.

ముని ఉన్న ఊరు, మౌనం లేని ఇల్లు

మునిగుడ పేరులోనే ముని ఉన్నాడు. ఆ పేరు విన్నవారు అదేదో ప్రశాంతమైన ఆశ్రమం లాంటి చోటు అనుకుంటారు. నియమగిరి కొండలు చూస్తే నిజంగానే అలా అనిపిస్తుంది. అయితే 1931లో విజయనగరం నుంచి రాయపూర్ దాకా రైలుమార్గం పూర్తయిన తరువాత ఈ దారిలోని ఊళ్ళ తీరు మారిపోయింది. రైల్వే ఉద్యోగాలకీ, వ్యాపారాలకీ, కాంట్రాక్టు పనులకీ మన తెలుగువాళ్ళు వచ్చి స్థిరపడ్డారు. 1992 అక్టోబరు 2న రాయగడ వేరే జిల్లా అయింది. సంత రోజున కొండ మీది నుంచి డొంగ్రియా కోందులు పసుపు, అల్లం, అనాసపళ్ళు దించుకు వస్తారు. ఒడియా, కువి, తెలుగు మూడూ ఒకే తక్కెడ దగ్గర వినిపిస్తాయి. బతుకుతెరువుకి ఈ సందడి కావాలి. దీని మీద విసుక్కోవడం న్యాయం కాదు.

ఈ నేల మీద ప్రార్థనకు పాత చరిత్రే ఉంది. జర్మనీలోని బ్రెక్లూం నుంచి లూథరన్ మిషనరీలు కోరాపుట్ ప్రాంతానికి 1882లో వచ్చారు. వారి సేవ ఫలితంగా 1928లో జయపురం ఎవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. మునిగుడకు దగ్గరలోనే ఉన్న బిస్సంకటక్‌లో డెన్మార్క్ వైద్యురాలు ఎలిజబెత్ మాడ్సెన్ 1954లో మొదలుపెట్టిన క్రైస్తవ ఆసుపత్రి ఎన్ని వేల కుటుంబాలకు ఆసరా అయిందో ఆ చుట్టుపక్కల వారికి చెప్పనక్కరలేదు. అలాంటి చోట పగలు రోగుల వరసకు అంతుండదు. ఊపిరి సలపని పని ఉన్నచోట కూడా మనుషులు ప్రార్థించారు, ప్రార్థిస్తున్నారు. కనుక చిక్కు సందడిలో మాత్రమే లేదు. సందడి ఆగినప్పుడు కూడా మనసు ఆగకపోవడంలో ఉంది.

ఇక్కడి తెలుగు కుటుంబాలకు ఇంకొక చిన్న ఇబ్బంది ఉంది. ఆదివారం ఆరాధన చాలామందికి ఒడియాలో. పిల్లల చదువు ఇంగ్లీషులో. ఇంట్లో మాట తెలుగులో. ప్రార్థన మాత్రం పుస్తకాల తెలుగులో చేయాలనుకుంటాం. మాటలు సరిగ్గా వస్తున్నాయా లేదా అని చూసుకోవడంలోనే మనసు సగం పోతుంది. నేను చెప్పేది ఒకటే. ఏ భాషలో ఏడుపు వస్తుందో ఆ భాషలో ప్రార్థించండి. సంఘం ముందు నిలబడి చేసే ప్రార్థన వేరు. గదిలో తండ్రితో మాట్లాడే మాటకు వ్యాకరణం అక్కరలేదు. "నాయనా, నా వల్ల కావడం లేదు" అన్నా అది ప్రార్థనే.

ఆశానిగ్రహము

గలతీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో పౌలు ఆత్మఫలాన్ని వివరిస్తూ తొమ్మిది గుణాలు చెప్పాడు. ప్రేమతో మొదలై ఆశానిగ్రహంతో ముగుస్తుంది. మన తెలుగు బైబిలు అనువాదకులు ఎంచుకున్న ఈ మాట నాకు ఎంతో ఇష్టం. ఆశను చంపడం అనలేదు, నిగ్రహించడం అన్నారు. గుర్రానికి కళ్ళెం వేసినవాడు గుర్రాన్ని చంపుకోడు. తాను వెళ్ళవలసిన చోటికి దాని మీదే వెళతాడు. పేతురు తన మొదటి పత్రిక 4వ అధ్యాయంలో స్వస్థబుద్ధినీ ప్రార్థననూ ఒకే వాక్యంలో కలిపాడు. ప్రార్థన చేయగలగాలంటే ముందు బుద్ధి కుదురుగా ఉండాలి అని దాని భావం.

మనం మాత్రం ఈ రెంటినీ విడదీసేశాం. నిగ్రహం అంటే సారా, సిగరెట్టు మానడం అనుకుంటాం. ప్రార్థన అంటే ఉదయం పావుగంట, రాత్రి పావుగంట అనుకుంటాం. మిగిలిన ఇరవై మూడున్నర గంటలు మనసును వీధిలో వదిలేసి, ఆ పావుగంటలో మాత్రం అది బుద్ధిగా కూర్చోవాలంటాం. రైల్వే కుటుంబాలవారికి ఇది చెప్పడం సులువు. బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చాక బ్రేకు వేస్తే అది స్టేషను దాటి పోయి ఆగుతుంది. డ్రైవరు స్టేషను ఇంకా కనబడకముందే వేగం తగ్గిస్తూ వస్తాడు. మనసు సంగతీ అంతే. నాలుగున్నరకు మోకరించేవారు ముందురోజు రాత్రి తొమ్మిదిన్నరకే వేగం తగ్గించుకోవాలి.

ఈ మాట కొత్తది కాదు. ఈజిప్టు ఎడారిలో ఉన్న మునుల దగ్గరికి జాన్ కాసియన్ అనే భక్తుడు వెళ్ళి, వారి బోధలు విని, 5వ శతాబ్దం మొదటి భాగంలో లాటిను భాషలో పుస్తకంగా రాశాడు. అందులో అబ్బా ఐజక్ అనే పెద్దాయన ప్రార్థన గురించి మాట్లాడతాడు. ప్రార్థనకు ముందు మనసు దేనితో నిండి ఉంటుందో, ప్రార్థనలో అదే పైకి వస్తుంది అన్నది ఆయన బోధ సారాంశం. అప్పటిదాకా నవ్విన నవ్వులు, పడిన కోపాలు, వేసిన లెక్కలు అన్నీ కళ్ళు మూసుకోగానే ఎదుట నిలబడతాయి. కనుక ప్రార్థనలో ఏవి రాకూడదనుకుంటామో వాటిని ప్రార్థనకు ముందే బయటికి పంపాలి అంటాడాయన. ఆత్మను ఒక ఈకతో పోల్చాడు. ఈక స్వభావం తేలిక. చిన్న గాలి వచ్చినా పైకి లేస్తుంది. తడిస్తే మాత్రం నేలకు అంటుకుపోతుంది. గాలి లేక కాదు, తడి వల్ల. లోకచింతలతో తడిసిన మనసు కూడా అలాగే లేవలేదు.

విచిత్రం ఏమంటే, 2009లో సోఫీ లెరాయ్ అనే అమెరికా ఆచార్యురాలు ఆఫీసు పనుల మీద చేసిన పరిశోధనలో దాదాపు ఇదే తేల్చారు. ఒక పనిని మధ్యలో వదిలి ఇంకొక పనికి వెళితే, మన ధ్యాసలో కొంత భాగం వెనకటి పని దగ్గరే మిగిలిపోతుందనీ, దాని వల్ల రెండో పని చెడుతుందనీ ఆమె చూపించారు. గిన్నె అడుగున అంటుకున్న మాడు లాంటిది అది. అందులోనే పాలు కాస్తే పాలకూ ఆ వాసన పడుతుంది. ఎడారి ముని పదహారు వందల ఏళ్ళ నాడు తన గుడిసెలో కనిపెట్టినదాన్ని ఇప్పుడు విశ్వవిద్యాలయాలు లెక్కలు వేసి చెబుతున్నాయి.

మంగలికి రాసిన పుస్తకం

లూథరన్ సంఘాలవారికి బాగా దగ్గరయిన ఒక సంగతి చెబుతాను. జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో మార్టిన్ లూథర్‌కు క్షవరం చేసే పీటర్ బెస్కెన్‌డోర్ఫ్ అనే మంగలి ఉండేవాడు. పాత స్నేహితుడు. అతను ఒకసారి ప్రార్థన ఎలా చేయాలో చెప్పమని అడిగాడు. అంత పెద్ద పండితుడు, ఊపిరి ఆడనంత పనిలో ఉన్నవాడు, ఒక మంగలి అడిగిన ప్రశ్నకు చిన్న పుస్తకమే రాసి ఇచ్చాడు. అది 1535లో అచ్చయింది.

అందులో లూథర్ మంగలి పనినే ఉపమానంగా తీసుకున్నాడు. మంచి మంగలి తన చూపునూ తలపునూ కత్తి మీదా వెంట్రుక మీదా ఉంచుతాడు. ఎంతవరకు గీశాడో మరచిపోడు. కబుర్లలో పడి దిక్కులు చూస్తే ఎదుటివాడి ముక్కో మూతో, చివరికి గొంతో తెగుతుంది. చిన్న పనికే అంత ధ్యాస కావలసినప్పుడు ప్రార్థనకు ఇంకెంత కావాలి అన్నది ఆయన ప్రశ్న. తన మనసు చల్లబడి ప్రార్థన మీద ఇష్టం లేనప్పుడు, కీర్తనల పుస్తకం తీసుకుని గదిలోకో, ఆరాధన వేళ అయితే గుడికో వెళ్ళి, పది ఆజ్ఞలూ విశ్వాస ప్రమాణమూ చిన్నపిల్లవాడిలా పైకి చదువుకుంటానని చెప్పాడు. ఉదయం లేవగానే మొదటి పనిగా, రాత్రి చివరి పనిగా ప్రార్థన ఉండాలన్నాడు. "ఇదొక్క పని చూసుకుని వస్తాను" అనే ఆలోచన దగ్గర జాగ్రత్తగా ఉండమన్నాడు. ఒక పని ఇంకొక పనిని తెస్తుంది, ఆ రోజు ప్రార్థన ఇక ఉండదు.

తరువాత నాలుగు పేటల దండ నేర్పాడు. ఒక ఆజ్ఞను తీసుకో. ఇది నాకు ఏమి నేర్పుతోంది? దీనిలో దేనికి కృతజ్ఞత చెప్పాలి? దీని ప్రకారం నేను ఒప్పుకోవలసిన పాపం ఏమిటి? దీనిని బట్టి ఏమి అడగాలి? ఇవే నాలుగు పేటలు. మనసుకు పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటే అది తిరగదు. పాకే తీగకు పందిరి వేసినట్టు. ఉత్త గాలిలో నిలబడమంటే ఏ తీగా నిలబడదు. మధ్యలో ఒక మంచి తలపు దానంతట అదే వస్తే మిగిలిన పేటలు వదిలేసి ఊరుకుని వినమని కూడా చెప్పాడు. పొడుగు ప్రార్థన అవసరం లేదు, తరచుగా, వేడిగా ఉంటే చాలు అన్నాడు.

ఈ కథ ఇంతవరకే చెప్పి ఆపేవారు ఎక్కువ. తరువాత జరిగింది కూడా చెప్పాలి. అదే 1535లో, ఈస్టరుకు ముందురోజు, అల్లుడి ఇంట భోజనానికి కూర్చున్న పీటర్ బాగా తాగి ఉన్నాడు. అల్లుడు సైనికుడు. తన ఒంటికి ఏ ఆయుధమూ దిగదని గొప్పలు చెప్పాడు. మామ కత్తి తీసి పొడిచాడు. అల్లుడు చనిపోయాడు. లూథరూ, మరికొందరు పెద్దలూ కల్పించుకోవడం వల్ల మరణశిక్ష తప్పింది గాని, పీటర్ ఆస్తి పోగొట్టుకుని, ఊరు విడిచి డెస్సావు పట్నంలో తలదాచుకోవలసి వచ్చింది.

ప్రార్థన గురించి మనస్ఫూర్తిగా అడిగినవాడే. అడిగితే ఒక మహాబోధకుడు పుస్తకం రాసి చేతిలో పెట్టాడు. క్షవరపు కత్తి పట్టుకున్నప్పుడు చెయ్యి వణకనివాడు, సీసా పట్టుకున్నప్పుడు తనను తాను పట్టుకోలేకపోయాడు. ఇది చదివినప్పుడల్లా నాకు ఒకటే తోస్తుంది. ప్రార్థన పద్ధతి తెలియడం వేరు, ఆశానిగ్రహం వేరు. మొదటిది పుస్తకం నుంచి వస్తుంది. రెండోది భోజనాల బల్ల దగ్గర, బజారులో, మాటామాటా పెరిగినచోట ప్రతిరోజూ అలవాటు చేసుకోవలసింది. రెండోది లేకపోతే మొదటిది ఆపద వేళ చేతికి అందదు.

ఇంట్లో చేయదగిన పనులు

ఇక మన ఇళ్ళలో ఏం చేయాలో చూద్దాం. ఇవి నేను అందరికీ ఒకేలా పనికివస్తాయని చెప్పను. ఎవరి వీలును బట్టి వారు దిద్దుకోవాలి.

మొదటిది ఫోను. ప్రార్థించే గదిలో ఫోను ఉండకూడదు. "బైబిలు అందులోనే ఉందండీ" అంటారు చాలామంది. నిజమే. కాని అదే పెట్టెలో బైబిలు పక్కనే బజారూ, సినిమా హాలూ, పేటలోని కబుర్లూ అన్నీ ఉన్నాయి. అచ్చు బైబిలు ఒకటి కొనుక్కోండి. లేవడానికి అలారం కావాలంటే బల్ల గడియారం చాలు. ఆసుపత్రి డ్యూటీ, రైల్వే డ్యూటీ ఉన్నవారికి పిలుపు రావచ్చు. వారు మోత మాత్రం ఉంచి ఫోనును పక్క గదిలో పెట్టుకోవచ్చు.

రెండోది కాగితం. "కూర ఏం వండాలి", "ఫీజు ఎప్పుడు కట్టాలి" అనే తలపులు పాపాలు కావు. అవి ఇంటి బాధ్యతలు. వాటితో కుస్తీ పడితే ఇంకా బలపడతాయి. పక్కన ఒక కాగితం ముక్క, పెన్సిలు పెట్టుకోండి. తలపు వస్తే ఒక్క మాట రాసి వదిలేయండి. మరచిపోతామన్న భయం పోతే సగం తలపులు పోతాయి. ఇంకా మేలైన మార్గం, ఆ తలపునే ప్రార్థన చేయడం. పిల్లవాడి క్యారేజీ గుర్తుకు వచ్చిందా, ఆ పిల్లవాడి కోసమే రెండు మాటలు చెప్పండి. దారి తప్పించడానికి వచ్చినదే దారి చూపించి పోతుంది.

మూడోది చోటు, వేళ. యేసు ప్రభువు చీకటితోనే లేచి ఏకాంత స్థలానికి వెళ్ళి ప్రార్థించినట్టు మార్కు సువార్త మొదటి అధ్యాయంలో ఉంది. అక్కడికీ శిష్యులు వెతుక్కుంటూ వచ్చి, అందరూ మీ కోసం చూస్తున్నారన్నారు. అంతరాయం ఆయనకూ తప్పలేదు. అయితే వారు వచ్చేటప్పటికి ఆయన ప్రార్థనలో ఉన్నాడు. ఇద్దరు ముగ్గురు ఉండే చిన్న క్వార్టర్లలో వేరే గది దొరకదు. జాన్ వెస్లీ తల్లి సుసన్నా వెస్లీకి పంతొమ్మిది కాన్పులు. ఇంటి నిండా పిల్లలు. ఆమె వంటింట్లోనే పని గుడ్డను తల మీద కప్పుకుని ప్రార్థించేదనీ, అమ్మ అలా ఉంటే పలకరించకూడదని పిల్లలకు తెలుసనీ చెబుతారు. మన స్త్రీలకు ఆ గది ఎప్పుడూ భుజం మీదే ఉంది. కొంగు తలమీదికి లాగితే అదే గది. ఇంట్లోవారు దాన్ని గది తలుపులా గౌరవించాలి. ముఖ్యంగా మగవారు. భార్య మోకరించి ఉంటే "టీ ఏదీ?" అని అడగని భర్త కూడా ఆ ప్రార్థనలో భాగస్తుడే. భార్యను గౌరవించని భర్త ప్రార్థనలకు ఆటంకం కలుగుతుందని పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయంలో హెచ్చరించిన సంగతి మగవారికి గుర్తు చేస్తున్నాను.

నాలుగోది ఉపవాసం. శ్రమల దినాల్లో మాంసం మానేవారు ఉన్నారు, ఒక పూట భోజనం మానేవారు ఉన్నారు. మంచిదే. కాని రోజంతా కడుపు మాడ్చుకుని, ఆ చిరాకంతా కోడలి మీదో పనిమనిషి మీదో చూపిస్తే ఆ ఉపవాసం ఎవరికి లాభం? సీరియలుకు ఒక వారం ఉపవాసం ఉండండి. ఇతరుల ఇంటి కబుర్లకు ఉపవాసం ఉండండి. వెంటనే జవాబివ్వాలనిపించే మాటకు ఉపవాసం ఉండండి. ఆకలిని ఒక్క పూట ఆపగలిగిన మనసు తలపును కూడా ఆపడం నేర్చుకుంటుంది. ఉపవాసంలో ఉన్న రహస్యం ఇదే.

అయిదోది ఊరుకుని కూర్చోవడం. మనం ప్రార్థన అంటే మాటలు చెప్పడం అనుకుంటాం. లూథరన్ సంఘంలో పనిచేసి, 1938లో బైబిలు మిషను ప్రారంభించిన ముంగమూరి దేవదాసు గారు దేవుని సన్నిధిలో కనిపెట్టడాన్ని ఒక అభ్యాసంగా నేర్పారు. అడగవలసినవన్నీ అడిగేసి లేచిపోకుండా, మనసును నిమ్మళపరచుకుని ఆయన ఎదుట నిలిచి ఉండడం. ఈ నిశ్శబ్దం మన తెలుగు నేల మీద పుట్టిన సంఘంలోనే ఉంది, ఎక్కడో వెతుక్కోనక్కరలేదు. ముందు రెండు నిమిషాలు చాలు. అయిదు నిమిషాలు కుదిరితే గొప్ప సంగతే.

తలుపు వేసినా లోపలే ఉండేది

పైన చెప్పినవన్నీ బయటి నుంచి వచ్చే అంతరాయాలకు మందు. ఫోను పక్క గదిలో పెట్టవచ్చు, తలుపు వేయవచ్చు. లోపల మనతోపాటే మోకరించేదాన్ని ఏం చేయాలి?

సోదరి ఉత్తరం చివర ఉన్న వాక్యం ఇది. "అన్నిటికంటే ఎక్కువగా ఒక మనిషి ముఖం అడ్డు వస్తుందండి. రెండేళ్ళయింది మాటలు లేక." ఆ మనిషి ఎవరో, ఎందుకు మాటలు లేవో ఇక్కడ అనవసరం. ప్రతి ఇంట్లోనూ అలాంటి ముఖం ఒకటి ఉంటుంది. గోడ తగువు కావచ్చు, బంగారం కావచ్చు, పెళ్ళిలో జరిగిన అవమానం కావచ్చు.

అమ్మా, ఆ ముఖాన్ని నేను అంతరాయం అనలేను. అది జవాబు కావచ్చు. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతుండగా నీ సహోదరునికి నీ మీద ఏదైనా ఉందని గుర్తుకు వస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమని ప్రభువు చెప్పిన మాట మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ఉంది. ఎప్పుడు గుర్తుకు వస్తుందన్నాడో చూడండి. వంట చేసేటప్పుడు కాదు, అర్పణ వేళనే. ప్రార్థనలో ఆ ముఖం పదే పదే కనబడుతోందంటే మీ ప్రార్థన పాడైపోయిందని కాదు. ప్రార్థన పనిచేస్తోందని. మీరు మనసు నిలవడం లేదనుకున్నారు. మనసు సరిగ్గా నిలవవలసిన చోటే నిలుస్తోంది, అక్కడి నుంచి మీరే దాన్ని లాగేస్తున్నారు.

వెళ్ళి కాళ్ళ మీద పడమని నేను చెప్పను. తప్పు అవతలివారిదే అయి ఉండవచ్చు. కొట్టినవారి దగ్గరికీ, హాని చేసేవారి దగ్గరికీ ఒంటరిగా వెళ్ళమని అసలే చెప్పను. అలాంటప్పుడు పాస్టరుగారినో, ఇంటి పెద్దల్నో తోడు తీసుకోవాలి. మామూలు తగువు అయితే ఒక్క మాట చాలు. "వదినా, బాగున్నావా?" అని గుడి బయట అడగండి. జవాబు రాకపోతే పోనీండి. మీ వంతు అయింది. ఆ రోజు సాయంత్రం ప్రార్థనలో ఎంత చోటు ఖాళీ అవుతుందో మీకే తెలుస్తుంది.

మానేయాలా?

అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలి. మానకూడదు.

స్పెయిను దేశపు భక్తురాలు అవిలా తెరేసా 1515లో పుట్టి 1582లో చనిపోయింది. ప్రార్థనను గురించి ఆమెలా రాసినవారు తక్కువ. ఆమె తన జీవితకథలో, కొన్ని సంవత్సరాలపాటు ప్రార్థన గంట ఎప్పుడు అయిపోతుందా అని గడియారం మోత కోసం చెవి ఒగ్గి కూర్చునేదాన్నని దాపరికం లేకుండా రాసుకుంది. ప్రార్థన గదిలోకి అడుగుపెట్టాలంటేనే దిగులు వేసేదట. అయినా వెళ్ళింది, కూర్చుంది. ఆ ఎండిన సంవత్సరాలే తరువాతి ఊటకు దారి అయ్యాయి. గెత్సేమనేలో శిష్యులు ఒక్క గంట మెలకువగా ఉండలేకపోయారు. ప్రభువు వారిని మందలించాడు గాని వెళ్ళగొట్టలేదు. ఆ నిద్రపోయినవారిలో ఒకడే తరువాత మెలకువగా ఉండమని సంఘానికి పత్రిక రాసిన పేతురు.

మోసం చేసేవాడికి తాను మోసం చేస్తున్నానన్న బాధ ఉండదు. మనసు నిలవడం లేదని బాధపడేవారు మోసగాళ్ళు కారు. తప్పిపోయిన మనసును నూరుసార్లు వెనక్కి తెచ్చారంటే, నూరుసార్లు దేవుని వైపు తిరిగారని అర్థం. సంతలో చెయ్యి వదిలించుకుని పోయే పిల్లవాణ్ణి తల్లి ఎన్నిసార్లయినా వెళ్ళి పట్టుకు వస్తుంది. కొట్టదు, విడిచిపెట్టి ఇంటికీ పోదు. మీ మనసు పట్ల మీరూ ఆ తల్లిలా ఉండండి.

వచ్చే సంచిక వెలువడడానికి మూడు నెలలు ఉంది. ఈ మూడు నెలలకు ఒక చిన్న నియమం పెట్టుకుందాం. మొదటి నెల, రాత్రి పడుకునే ముందు ఒక గంటా, ఉదయం లేచాక ఒక గంటా ఫోను ముట్టుకోకూడదు. రెండో నెల, దానికి తోడు రోజూ ఒక ఆజ్ఞనో, ఒక కీర్తనలోని ఒక మాటనో తీసుకుని నాలుగు పేటల దండ కట్టాలి. మూడో నెల, ఇంటిల్లపాదీ రాత్రి భోజనానికి ముందు పది నిమిషాలు కలిసి కూర్చోవాలి. అందులో చివరి రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. చిన్నపిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. పది రోజులు పోతే వాళ్ళే పెద్దవాళ్ళను "ష్" అంటారు. ఒక రోజు తప్పితే మరునాడు మళ్ళీ మొదలుపెట్టండి. లెక్కలు రాసుకుని దిగులుపడకండి.

చేసి చూసినవారు ఎలా ఉందో రాయండి. కుదరలేదని రాసినా సంతోషమే. ఏది కుదరలేదో తెలిస్తే దాని గురించే ఇంకోసారి మాట్లాడుకోవచ్చు. మీ అందరి ఇళ్ళలోనూ ఆ రెండు నిమిషాల నిశ్శబ్దం నిలవాలని కోరుకుంటూ, సెలవు.